నీలం కాగితం అంటించిన కంప్యూటరు

పుదుచ్చేరిలో మా పక్షపత్రిక ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు తెర మీద నీలం రంగు జిలెటిన్ కాగితం అంటించి ఉండేది. పెళ్ళిపందిళ్ళలో ట్యూబులైట్లకు చుడతారే, అలాంటిది. నాలుగు మూలలా టేపు అతికించి ఉండేది. దాన్ని నేను రోజూ చూసేవాణ్ణి. చూసి ముచ్చటపడి దాని గురించి రాశాను కూడా. అది అక్కడ ఎందుకుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. మీ రోజుల్లో పెద్ద వార్త ఏదండీ అని అడుగుతారు. తుపానులు, ఎన్నికలు, ఓడరేవు గొడవలు రాశాను గానీ, అవి నాతోపాటు పదిమందీ రాసినవే. నేనొక్కణ్ణే రాసింది, నేను తప్ప ఇంకెవరూ రాయలేనిది ఒకటే ఉంది. అది ఒక పాత కంప్యూటరు గురించి. దాన్ని తలచుకుంటే ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.

నాది యానాం. డెబ్భైలలో ఒక దినపత్రిక డెస్కు మీద పని నేర్చుకున్నాను. అక్కడ మా చీఫ్ సబ్ ఎడిటరు మంచి పనిమంతుడు. పేరు తప్పు పడితే ఆయన ఊరుకునేవాడు కాదు, మర్నాడు సవరణ వేయించేవాడు. ఊరిపేరు తప్పు పడినా అంతే. కానీ మనుషులు అన్న మాటల దగ్గర ఆయన పద్ధతి వేరు. "వాడన్నది కాదయ్యా, వాడు అనాలనుకున్నది రాయి" అనేవాడు. పల్లెటూరి రైతు నోట పుస్తకాల భాష పలికించినా, ఏడవని ముసలమ్మ చేత కన్నీళ్ళు పెట్టించినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. పట్టకపోగా, "కలంలో తడి ఉందోయ్" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ తడి నాకు బాగానే అబ్బింది.

ఎనభైల మొదట్లో పుదుచ్చేరి వచ్చి ఈ పక్షపత్రికలో చేరాను. యానాంలోనూ పుదుచ్చేరిలోనూ మద్రాసులోనూ ఉన్న తెలుగువాళ్ళ కోసం నడిచే చిన్న పత్రిక. యజమాని ఇక్కడ తరతరాలుగా స్థిరపడిన భూస్వాముల ఇంటివాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఈయన మాత్రం నలభై దాటాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ ఉత్సాహంతోనే పత్రిక పెట్టాడు. అయితే ఆయన చదవగలిగింది అచ్చు అక్షరాలు మాత్రమే. చేతిరాత ఇస్తే అటూ ఇటూ తిప్పి, "ఇదేంది సార్, చీమలు పాకినట్టుండాది" అని తిరిగిచ్చేవాడు.

అందువల్ల మా ఆఫీసులో లోకంలో ఎక్కడా లేని ఆచారం ఒకటి ఏర్పడింది. యజమానికి ఏదైనా రాసి చెప్పాలంటే దాన్ని కంపోజు చేయించి, ప్రూఫు తీసి పంపాలి. ప్యూనుకి సెలవు కావాలన్నా, మరుగుదొడ్డి తలుపు బాగుచేయించాలన్నా సీసపు అక్షరాలు పేర్చాల్సిందే. ఆయన ఆ కాగితాన్ని వేలు పెట్టి పదం పదం చదివి, తలూపి, అప్పుడు నిర్ణయం చెప్పేవాడు. అచ్చులో ఉన్నదాన్ని ఆయన ఎప్పుడూ అనుమానించలేదు. ఎంతో కష్టపడి చదవడం నేర్చుకున్న మనిషికి, ఆ చదివేదాంట్లో అబద్ధం ఉంటుందని తోచదు.

కంప్యూటరు వచ్చింది నేను చేరిన కొత్తలోనే. తెర, యంత్రం అన్నీ ఒకే పెట్టెలో ఇమిడి ఉండే రకం. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కనిపించేవి. తెలుగంతా చేతి కంపోజింగే. ఈ పెట్టె చేసేది చందాదారుల చిరునామాలు ఇంగ్లీషులో అచ్చుకొట్టడం, ప్రకటనల బిల్లులు తీయడం. అది వచ్చిననాడు నేను మొదటి పేజీలో ఒక వ్యాసం రాశాను. ఈ యంత్రం మన మనవల కాలం దాకా పత్రికకు సేవ చేస్తుందని అందులో జోస్యం చెప్పాను. ఆ వాక్యం మా మేనేజరుకు కంఠతా వచ్చు.

మేనేజరు ఉండేది నటేశన్ నగర్‌లో. ఈయనదీ ఇక్కడి పాత తెలుగు కుటుంబమే. కొన్నేళ్ళకు ఆ పెట్టె చతికిలబడింది. చందాదారులు పెరిగారు, ఒక్క ఫ్లాపీలో పట్టక నాలుగైదింటిలోకి పంచాల్సివచ్చింది. ఒకటి తీసి ఇంకొకటి పెట్టేసరికి అది గురకపెట్టేది, ఒక్కోసారి నిద్రపోయేది. అది నిద్రపోయినప్పుడల్లా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏంది సార్, మనవళ్ళు వచ్చేసినారా?" అనేవాడు. ఆఫీసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం మండేది.

ఆ కంప్యూటరు మీద పనిచేసేది ముత్తియాల్‌పేట అమ్మాయి. ఆ పెట్టెతోపాటే చేరింది. తమిళంలో, ఇంగ్లీషులో చదువుకుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరం రాదు. ఆమె "యాడికి సార్" అన్నా, "ఏంది సార్" అన్నా కంపోజింగు గదిలో మా యానాం కుర్రాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకునేవాళ్ళు. ఆమె వదిలేది కాదు. "మీ ఊర్లో తెలుగు పాడతారా, మాట్లాడతారా? రెంటికీ తేడా తెలీదు నాకు" అనేది. నోరున్న మనిషి. నేను కుర్రాళ్ళను మందలించేవాణ్ణి గానీ, నా పెదవి మీద కూడా ఆ నవ్వే ఉండేదని ఆమెకు తెలుసు.

ఒకరోజు యజమాని నన్నూ మేనేజరునూ పిలిచాడు. కంప్యూటరు సంగతి తేల్చాలన్నాడు.

"కొత్తది కొనేద్దాం అయ్యా" అన్నాడు మేనేజరు. "దీనికి మందేసి మందేసి చేతులు నొప్పి పుట్టినాయి."

"సార్ ఏమంటాడు?" అని యజమాని నా వైపు తిరిగాడు.

"దీన్నే బాగుచేయించవచ్చేమో. కనుక్కుంటానండి" అన్నాను.

"సరి. నువ్వు పోయి చూసి, అచ్చులో పంపు. చదివి చెప్తా."

ఆ క్షణాన నా మనసులో ఏముందో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. కొత్తది వస్తే పాతది మూలపడుతుంది. మూలపడితే మేనేజరు నోట నా మనవలు శాశ్వతంగా ఉండిపోతారు. పత్రిక మంచిచెడ్డలూ ఖర్చూ నాకు తట్టలేదు. ఒక పాత వాక్యం నెగ్గాలనుకున్నాను, అంతే.

తట్టాంచావడి పారిశ్రామికవాడలో ఇలాంటి పెట్టెలు విప్పి బిగించే చిన్న వర్క్‌షాపు ఉండేది. అది నడిపేవాడు మా యానాం మనిషే. మనూరివాడు అనగానే సగం నమ్మకం కుదిరిపోయింది. అతను మా పెట్టె రకం పేరు వినగానే నవ్వాడు.

"ఎందుకు బాగవదండీ, శుభ్రంగా అవుద్దండి. హార్డ్ డిస్కు పెడతానండి, మెమరీ పెంచుతానండి, లోపల బోర్డు కూడా మార్చేస్తానండి. ఇంక ఫ్లాపీల గొడవుండదు. లోపలంతా కొత్తదేనండి, మొహవొక్కటే పాతది."

"మొహమంటే?"

"అదేనండీ, స్క్రీను. అది పెట్టెలోనే బిగించేశారు కదండీ. దాన్ని మార్చడానికి కుదరదండి. అయినా పర్లేదండి, కనపడుతుంది కదా." అని ఆగి, "అన్నట్టు, దాని ముందు కూర్చునేవారేవంటున్నారండీ?" అని అడిగాడు.

ఇది నన్ను అడగాల్సిన ప్రశ్న కాదు, నేను అడగాల్సిన ప్రశ్న. "ఆ అమ్మాయికి అదంటే ప్రాణమండి" అన్నాను. అంత తేలిగ్గా నోటికి వచ్చింది ఆ మాట. అనేశాక అది నిజమేనని నాకే అనిపించింది.

మర్నాడు ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆమె కళ్ళు చిట్లించి చిరునామాలు కొడుతోంది. నన్ను చూసి ఆపింది.

"సార్, కొత్త మెషీను వస్తాదంట, నిజమా?" మొహం వెలిగిపోతోంది.

"చూద్దామమ్మా. ఇన్నేళ్ళు దీనితో ఉన్నావు కదా, వదలాలంటే బాధగా ఉండదూ?"

ఆమె పకపకా నవ్వింది. "బాధా? ఏముండాది సార్, అలవాటైపోయింది. దినమూ చూసే మొహమే కదా." తర్వాత గొంతు తగ్గించి, "ఒకటి చెప్పాల సార్, ఈ తెర ఉండాది చూడండి..." అని మొదలుపెట్టింది.

దినమూ చూసే మొహమని అననే అంది, నాకు కావలసిన మాట దొరికింది. "సరేనమ్మా, మళ్ళీ మాట్లాడదాం" అని వచ్చేశాను. మళ్ళీ మాట్లాడలేదు.

ఆయుధపూజ సంచిక దగ్గరపడింది. అన్ని పత్రికలూ ఆ సంచికకు పనిముట్ల మీద ఏదో ఒకటి రాస్తాయి. రైతు నాగలి, దర్జీ కత్తెర, ఇలా. నేను మా కంప్యూటరు మీద రాశాను. యజమానికి పంపాల్సిన నివేదికా అదే, పాఠకులకు పంపే వ్యాసమూ అదే. ఒక దెబ్బకు రెండు పనులు అయ్యాయని మురిసిపోయాను. హార్డ్ డిస్కు సంగతి, బోర్డు సంగతి పైపైన చెప్పి, మిగతాదంతా భావుకత నింపాను. తెర మీద నీలం కాగితాన్ని, పెళ్ళికూతురి మొహం మీది మేలిముసుగుతో పోల్చాను. దిష్టి తగలకుండా ఆమె దానికి నీలి పరదా కప్పి అపురూపంగా చూసుకుంటోందని రాశాను. చివర ఆమె మాట పెట్టాను. "ఇది నాకు యంత్రం కాదు, తోడబుట్టిన చెల్లెలు. దీన్ని వదిలి నేను ఉండలేను." ఆ మాటనే ఫోటో కింద పెద్ద అక్షరాల్లో వేయించాను. ఫోటోలో ఆమె పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. అలా నిలబడమని చెప్పింది కూడా నేనే.

కంపోజింగు గదిలో మా కుర్రాడొకడు ఆ వాక్యం పేరుస్తూ, "ఆవిడ ఇలా మాట్లాడిందాండీ? ఇదేదో మనూరి మాటలా ఉందే" అన్నాడు. "పని చూడు" అన్నాను.

ఆయుధపూజనాడు అచ్చుయంత్రాలకు, కత్తెరలకు, అక్షరాల కేసులకు గంధం, కుంకుమ పెట్టాం. కంప్యూటరుకూ పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. అందరి చేతుల్లో మరమరాలు, వేయించిన శనగల పొట్లాలు ఉన్నాయి. యజమాని సంచిక చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"రాత్రి నేనిది రెండుసార్లు చదివినా" అన్నాడు. "ఈ పాప చెప్పిన మాటకి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఒక మెషీను మీద ఇంత పిరియమా! ఇంక కొత్తది వద్దు. ఎంతైనా సరే, దీన్నే బాగుచేయిద్దాం. పాప మాటే నా మాట."

అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా కొట్టాడు. "నెగ్గినారు సార్" అని నా చెవిలో అన్నాడు. అమ్మాయి మరమరాల పొట్లం చేత్తో పట్టుకుని ఒకసారి యజమాని వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"నా మాటా?" అంది. చప్పట్లలో అది నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. తర్వాత నా పక్కకు వచ్చి, "అంటే కొత్తది రాదా సార్?" అని అడిగింది.

"ఇదే కొత్తదైపోతుందమ్మా. లోపలంతా మార్చేస్తారు."

"తెర?"

"తెర ఇదే."

ఆమె సంచిక మడతపెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పెట్టె తట్టాంచావడికి వెళ్ళింది. ఆ వారంలోనే ఆమె నా దగ్గరికి వచ్చి, "సార్, మా అమ్మ మిమ్మల్ని ఒకసారి ఇంటికి రమ్మంటా ఉండాది. పేపర్లో నా ఫోటో వచ్చింది కదా, ఏం రాసినారో తెలీలేదంట. మా ఇంట్లో ఎవరికీ చదివేది రాదు. రాసినవాళ్ళే చదివితే బాగుంటాది అంటాది" అంది. ఆ గొంతులో ఏముందో నాకు అంతుపట్టలేదు. నేను దాన్ని గౌరవం అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

ముత్తియాల్‌పేటలో సందు చివర చిన్న ఇల్లు. వీధిలో స్కూటర్లు అడ్డదిడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో సగం ఆమె మేనమామ బాగుచేయడానికి తెచ్చినవే. పందిళ్ళకు లైట్లు కట్టే పని కూడా చేస్తాడట. తల్లి స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు గుమ్మంలో కూర్చున్నారు. అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. సంచిక నా చేతికి ఇచ్చారు.

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు బాగుంటుందని పేరు. మొదటి పేరాకే మేనమామ "ఆహా" అన్నాడు. నేను ఆమె చేతి వేళ్ళ చురుకుదనం గురించి రాసింది వినగానే తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చదువుతూ చదువుతూ నీలం కాగితం దగ్గరికి వచ్చాను. మేలిముసుగు, దిష్టి, అపురూపం. గుమ్మంలో ఆడవాళ్ళు నవ్వారు.

మేనమామ నవ్వలేదు. "దిష్టికా?" అన్నాడు. "ఆ కాగితం నేనే కదా తెచ్చిచ్చినా, లైటుకి చుట్టేది. ఏమే, నువ్వు దిష్టికనా అడిగినావు?"

"కండ్లకి మామా" అంది అమ్మాయి. నా వైపు చూడకుండా, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది. "ఆ తెర వణుకుతాది. మీకు ఒక నిమిషం చూస్తే తెలీదు. దినమంతా చూస్తే సాయంత్రానికి ఈ దీపం కూడా చూడలేను. కాగితం అంటిస్తే కొంచెం తక్కువగా ఉంటాది."

"దినమూ తలనొప్పి అని పడుకుంటాది సార్ ఇది" అంది తల్లి. "కొత్త మెషీను వస్తే సరిపోతాది అమ్మా, ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటా అని చెప్తానే ఉండింది."

నేను కాగితం మీదికి కళ్ళు దించుకున్నాను. మిగిలింది చివరి పేరా. ఆ వాక్యం అక్కడే ఉంది. నేను దాన్ని దాటేసి, ముగింపు చదివేసి సంచిక మడిచాను. జీవితంలో నేను చేసిన అతి వేగమైన ఎడిటింగు అదే.

"సార్, ఆగండి" అన్నాడు మేనమామ. సంచిక తీసుకుని విప్పి, ఫోటో కింద వేలు పెట్టాడు. "ఇంత పెద్ద అక్షరాల్లో ఉండాది, ఇది చదవలేదే? ఇదే ముఖ్యమైంది గదా?"

అతనికి అక్షరాలు తెలియవు, అక్షరాల సైజు తెలుసు. నేను ఆ వాక్యాన్ని చదివాను. తోడబుట్టిన చెల్లెలు. వదిలి ఉండలేను. నా గొంతు నాకే పరాయిగా వినపడింది. ఆ ఇంట్లో, ఆ మనుషుల మధ్య, ఆ మాటలు అద్దెకు తెచ్చిన పట్టుబట్టల్లా ఉన్నాయి.

 తల్లి కూతురి వైపు తిరిగింది.

"ఏందే ఇది? వదిలి ఉండలేనన్నావా? మాతో ఒకటి చెప్పి, ఆడ ఇంకొకటి చెప్పినావా? నువ్వే అన్నావా ఈ మాట?"

అప్పుడు ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. ఒక్క "లేదు" అంటే చాలు. నేను దానికి సిద్ధపడ్డాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"అన్నానేమో అమ్మా" అంది ఆమె. "సార్ తప్పు రాస్తారా?"

ఇరుగుపొరుగు ముందు, తన ఇంటికి వచ్చిన మనిషి పరువు కాపాడింది. అందుకు బదులుగా తల్లి చేత తనే మాటపడింది. "నీ తలకాయ! అన్నీ నువ్వే చేసుకుని, మళ్ళీ రాత్రి తలనొప్పని నా ప్రాణం తీయి" అని ఆ తల్లి తిడుతూ ఉంటే నేను చల్లారిన కాఫీ తాగాను.

సందు మలుపు దాకా ఆమె నాతో వచ్చింది. అక్కడ ఆగి, "బాగా రాసినారు సార్" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నట్టుంది. "నేను చెప్పేది ఎప్పుడు రాస్తారు?"

మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని సవరణ రాయడం. ఫలానా సంచికలో ఫలానా వారు అన్నట్టుగా వేసిన మాట వారు అన్నది కాదు, ఆ తెర వల్ల వారికి కంటిబాధ ఉంది, అందుకు చింతిస్తున్నాం. మూడు వాక్యాలు. కంపోజు చేయించి, ప్రూఫు తీసుకుని యజమాని గదిలోకి వెళ్ళాను. వర్క్‌షాపులో పెట్టెను అప్పటికే విప్పేశారు గానీ, ఆపమంటే ఆపగలిగేవాళ్ళే. కొత్తది తెప్పించడం కూడా ఆయనకు పెద్ద విషయం కాదు.

ఆయన వేలు పెట్టి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"అచ్చులో వచ్చింది తప్పా సార్?" అన్నాడు. కోపం లేదు, అదే కష్టమైంది. పసిపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "నువ్వే కదా రాసినావు? ఆ పాప అనకుండా ఎట్లా రాస్తావు? అట్లయితే ఇన్ని దినాలు నేను చదివిందంతా ఏంది?"

అప్పుడు నేను చెప్పవలసింది ఒక్క మాట. అబద్ధం రాశానండి. అంతే. కానీ ఆయన కళ్ళల్లో నా మీద ఉన్న నమ్మకం చూశాను. ఆ నమ్మకం పోతుందేమోనని భయపడ్డాను. దాన్ని ఆయన మీద జాలి అని పిలుచుకున్నాను.

"పూర్తిగా తప్పని కాదండీ" అన్నాను. "ఆ అమ్మాయి అన్నదే, కొంచెం వేరేగా..."

"అంతే కదా!" ఆయన మొహం తేటపడింది. "కొంచెం అటూ ఇటూ దానికి మళ్ళీ పేపర్లో వేస్తే జనం నవ్వరా? వదిలేయి సార్. మెషీను బాగుపడి వస్తే కండ్లనొప్పి కూడా పోతాది."

నేను తల ఊపాను. బయటికి వచ్చి ప్రూఫు కంపోజింగు గదిలో ఇచ్చేశాను. మా కుర్రాడు ఆ మూడు వాక్యాలనూ విడగొట్టి, అక్షరాలను వాటి వాటి గళ్ళలో వేసేశాడు. టప్ టప్ మని చప్పుడు. పేరు తప్పైతే సవరణ వేసే మనిషినే నేను, చివరిదాకా వేశాను. మాట తప్పైనప్పుడు వేయలేకపోయాను.

పెట్టె తిరిగివచ్చింది. మా ఊరివాడు చెప్పినట్టే లోపలంతా కొత్తది, మొహం పాతది. పరుగులు పెట్టింది. ఫ్లాపీల గొడవ లేదు. మేనేజరు బయటి పనులు కూడా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు, కాలేజీ పిల్లల పరిశోధన వ్యాసాలు, కంపెనీల చిరునామాలు. యంత్రం వేగం పెరిగింది కాబట్టి, దాని ముందు కూర్చోవలసిన సమయం తగ్గాలి. పెరిగింది. వర్క్‌షాపులో నీలం కాగితం పీకేశారు. ఆమె ఇంకొకటి తెచ్చి అంటించింది. ఈసారి రెండు పొరలు.

నేను ఆమెతో ఒకసారి అన్నాను, "అయ్యగారితో మాట్లాడానమ్మా" అని. "సరి సార్" అంది. అంతకుముందులా నాతో వాదించడం, కుర్రాళ్ళ యాస మీద ఎదురు జోకులు వేయడం మానేసింది. కొంతకాలానికి కంటి డాక్టరు అద్దాలు ఇచ్చి, ఆ పని వదలమన్నాడు. ఆమె వదిలేసి ఒక బడి ఆఫీసులో టైపిస్టుగా చేరింది. టైపురైటరుకు తెర ఉండదు కదా. ఊళ్ళో ఆడపిల్లలందరూ టైపు వదిలి కంప్యూటరు నేర్చుకుంటున్న రోజులవి. ఆమె మాత్రం కంప్యూటరు వదిలి టైపుకు వెళ్ళింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళో గడవకముందే ఆ పెట్టె మళ్ళీ పడకేసింది. ఈసారి బాగుచేసేందుకు భాగాలు దొరకలేదు. కొత్త కంప్యూటరు వచ్చింది. దాని తెర వణకదు, కళ్ళకు హాయిగా ఉంటుందని కొత్తగా వచ్చిన ఆపరేటరు చెప్పాడు. నా మనవల గురించి మేనేజరు ఏమీ అనలేదు. అంటే తేలికగా ఉండేది.

ఉద్యోగం మానేసే ముందు, ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ చెప్పివద్దామని తిరుగుతూ ముత్తియాల్‌పేట కూడా వెళ్ళాను. వెళ్ళకుండా ఉండవలసిన ఇల్లే అది, కానీ వెళ్ళాను. తల్లి ముసలిదైపోయినా గుర్తుపట్టింది. "పేపరు సార్ వచ్చినాడు" అని సంతోషంగా లోపలికి కేకేసింది. అమ్మాయి దళసరి అద్దాలు పెట్టుకుని వచ్చి, కుర్చీ వేసింది.

ఎదురుగా గోడ మీద, దేవుళ్ళ పటాల పక్కన, ఆ కాగితం ఫ్రేము కట్టించి ఉంది. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడిన ఆమె ఫోటో. తెర మీద నీలం కాగితం అచ్చులో నల్లగా పడింది. కింద పెద్ద అక్షరాలు.

తల్లి కాఫీకని లోపలికి వెళ్ళింది. నేను గొంతు తగ్గించి, "అది తీసేయించమ్మా. నీకు తెలుసు కదా" అన్నాను.

ఆమె ఫ్రేము వైపు చూసి, పైట చెంగుతో దాని అద్దం మీద దుమ్ము తుడిచింది.

"ఉండనీండి సార్. పేపర్లో నా బొమ్మ వచ్చింది ఒక్కసారే. మా అమ్మకి అది చాలు. కింద రాసుండేది ఈ ఇంట్లో ఎవరికీ చదివేది రాదు. మీరు వచ్చినప్పుడు మీరొక్కరే చదువుతారు."

కాఫీ వచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని, అది ఖాళీ అయ్యేదాకా, నేను దాన్ని చదువుతూ కూర్చున్నాను.